4 టీబీ డిస్కు మౌంట్ కావట్లేదు, సూపర్‌బ్లాక్ చదవలేకపోతున్నానంటోంది. లోపల కస్టమర్ల పెళ్లి ఫుటేజ్ ఉంది, సాయం చేయండి

వడపళని_ఎడిటర్

అందరికీ నమస్కారం. చెన్నై వడపళనిలో నాది చిన్న ఎడిటింగ్ రూము. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చేస్తుంటాను, కస్టమర్లు చాలావరకు టీనగర్, పెరంబూరు వైపు తెలుగువాళ్లే. నిన్న సాయంత్రం వానకి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ నిలబడలేదు, సిస్టం టక్కున ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే కెమెరా కార్డుల్లోంచి ఫుటేజ్ కాపీ అవుతోంది.

కరెంటు వచ్చాక ఉబుంటు మామూలుగానే లేచింది గానీ ఫుటేజ్ దాచుకునే 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు మాత్రం మౌంట్ కావట్లేదు, అంటే తెరుచుకోవట్లేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టం (లైనక్స్ డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి). మౌంట్ కొడితే కాసేపు ఆలోచించి ‘కాంట్ రీడ్ సూపర్‌బ్లాక్’ అంటోంది, అంటే ఫైల్‌సిస్టం ప్రధాన వివరాలుండే బ్లాకుని చదవలేకపోతోందట. నిన్నటి పెళ్లి కార్డులు నా దగ్గరే ఉన్నాయి, వాటి గురించి దిగుల్లేదు. కానీ అంతకుముందు చేసిన రెండు పెళ్లిళ్ల కార్డులు ఫోటోగ్రాఫర్లు తీసుకెళ్లి మళ్లీ వాడేసుకున్నారు, ఆ ఫుటేజ్ ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకా ఏ కమాండూ కొట్టలేదు. ముందు ఏం చేయాలి?

గిండీ_గణపతి

టెన్షన్ పడకు బ్రో, కరెంటు పోతే ఇది మామూలే. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టం రిపేరు కమాండు) కొట్టి అన్నింటికీ ఎస్ అనేలా ‘వై’ ఆప్షన్ పెట్టు. మా ఆఫీసు సర్వర్లు ఎన్నిసార్లు ఇలా లేపామో. పది నిమిషాల పని.

ఓఎంఆర్_స్టోరేజ్

వడపళని గారూ, దయచేసి ఆ ‘వై’ ఆప్షన్ ఇప్పుడు వాడొద్దు. గణపతి గారు చెప్పింది సర్వర్లలో చాలాసార్లు పనిచేస్తుంది, నేను కాదనను. కానీ అక్కడ డిస్కు బాగుండి ఫైల్‌సిస్టం ఒక్కటే చెదిరి ఉంటుంది, పైగా బ్యాకప్ ఉంటుంది. మీకు బ్యాకప్ లేదు, డిస్కు బాగుందో లేదో ఇంకా తెలియదు.

మీ మెసేజ్ చూడండి. ఫైల్‌సిస్టం మాత్రమే చెడితే సాధారణంగా ‘రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అని వస్తుంది, అంటే చదవగలిగింది గానీ చదివింది అర్థం కాలేదని. మీకు వచ్చింది ‘కాంట్ రీడ్’. అసలు చదవడమే కుదరలేదంటోంది. నా అనుమానం డిస్కు మీదే.

చదవలేని డిస్కు మీద ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (ఈఎక్స్‌టీ4కి వాడే ఎఫ్‌ఎస్‌సీకే) నడిపితే ఏమవుతుందంటే, చదవలేని ప్రతి బ్లాకు దగ్గరా ‘ఇగ్నోర్ ఎర్రర్?’ అని అడుగుతుంది, వెంటనే ‘ఫోర్స్ రీరైట్?’ అని అడుగుతుంది. మీరు ‘వై’ పెట్టారంటే రెండింటికీ ఎస్ చెప్పినట్టే. అక్కడున్నది ఇంకోసారి ప్రయత్నిస్తే చదవగలిగేదేమో, దాని మీద రాసేస్తుంది. ఐనోడ్ టేబుల్లో (ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పట్టికలో) ముక్క అలా పోయిందంటే అందులోని ఫైళ్లు ఫోల్డర్లలోంచే మాయమవుతాయి.

ముందు ఈ రెండింటి అవుట్‌పుట్ పెట్టండి: డిస్కు తగిలించాక డీమెసేజ్‌లో (సిస్టం సందేశాల్లో) వచ్చే చివరి లైన్లు, స్మార్ట్‌సీటీఎల్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు). రెండూ చదివేవే, డిస్కులో ఏమీ రాయవు. డెస్క్‌టాప్‌లో ఆటోమౌంట్ ఆపేయండి, బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డిస్కును సెట్ఆర్‌ఓ (దాని మీద ఏమీ రాయకుండా) చేయండి. ఉత్త రీడ్ఓన్లీ మౌంట్ చాలదు, ఈఎక్స్‌టీ4 రీడ్ఓన్లీగా మౌంట్ చేసినా జర్నల్ని (మార్పులు ముందుగా రాసుకునే చిట్టాని) రీప్లే చేస్తుంది, అంటే డిస్కు మీద రాస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

తాంబరం_తేజ

అన్నా, మా ఫ్రెండు డిస్కు ఇలాగే మొరాయిస్తే కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టారు, పొద్దున పనిచేసిందట. ప్రయత్నించొచ్చా?

పెరంబూరు_సిసాడ్మిన్

వద్దు నాయనా. ఏ ఊళ్లోనూ వద్దు, చెన్నైలో అసలే వద్దు. ఈ గాలిలో ఉన్న తేమకి ఫ్రిజ్‌లోంచి తీసిన వస్తువు మీద నిమిషంలో నీళ్లు పడతాయి. డిస్కుకి గాలి పోయే రంధ్రం ఉంటుంది, ఆ తేమ ప్లాటర్ (లోపల తిరిగే పళ్లెం) మీద పడితే హెడ్డు దాన్ని గీరుకుంటూ పోతుంది. ఎప్పుడో పాతకాలం డిస్కుల్లో మోటారు పట్టేస్తే ఎవరో చేసిన ప్రయోగం అది.

వడపళని బాబూ, నువ్వు ఒకటి చెప్పు. డిస్కు తగిలించినప్పుడు టిక్ టిక్ మని ఒకే వరసలో చప్పుడు వస్తోందా? వస్తుంటే ఇక్కడితో ఆపి డేటా రికవరీ ల్యాబ్‌కి పట్టుకెళ్లు, ఇంట్లో చేసేది ఏమీ లేదు. నడిచినకొద్దీ నష్టమే. చప్పుడు మామూలుగానే ఉంటే మనం చూసుకోవచ్చు.

వడపళని_ఎడిటర్

చప్పుడు మామూలుగానే ఉంది సార్, ఎప్పటిలాగే తిరుగుతోంది. ఆటోమౌంట్ ఆపేశాను, సెట్ఆర్‌ఓ కూడా చేశాను.

డీమెసేజ్‌లో ఇవి మళ్లీ మళ్లీ వస్తున్నాయి:
క్రిటికల్ మీడియం ఎర్రర్, డెవ్ ఎస్‌డీబీ, సెక్టార్ 2048
బఫర్ ఐఓ ఎర్రర్ ఆన్ డెవ్ ఎస్‌డీబీ1, లాజికల్ బ్లాక్ 0
ఈఎక్స్‌టీ4-ఎఫ్‌ఎస్ (ఎస్‌డీబీ1): అనేబుల్ టు రీడ్ సూపర్‌బ్లాక్

స్మార్ట్‌లో 5 నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్స్ 0. 197 కరెంట్ పెండింగ్ సెక్టార్స్ 16. 198 ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్ 16. 199 సీఆర్‌సీ ఎర్రర్లు 0. చివర్లో మాత్రం ఓవరాల్ హెల్త్ ‘పాస్డ్’ అని రాసి ఉంది, అందుకే అర్థం కావట్లేదు.

పెరంబూరు_సిసాడ్మిన్

ఆ ‘పాస్డ్’ని పట్టించుకోకు. డిస్కు చచ్చేముందు రోజు కూడా చాలాసార్లు పాస్ అనే చెబుతుంది. చూడాల్సింది నువ్వు పెట్టిన నాలుగు నంబర్లే.

199 సున్నా కాబట్టి కేబుల్ గొడవ కాదు. 5 సున్నా కాబట్టి ఇప్పటిదాకా ఏ సెక్టారునీ (డిస్కు ఒక్కసారికి చదివే చిన్న ముక్క) మార్చుకోలేదు. 197లో, అంటే చదవలేక పక్కన పెట్టినవాటిలో, 16 ఉంది. ఈ కాలం డిస్కుల్లో లోపల సెక్టారు 4096 బైట్లు, బయటికి 512 బైట్లుగా చెప్పుకుంటాయి, అంటే లోపల ఒకటి పోతే బయట ఎనిమిది పోయినట్టు కనిపిస్తాయి. 16 అంటే బహుశా రెండే రెండు చోట్ల దెబ్బతింది. ఒకటి ఎక్కడో నీకు డీమెసేజ్ చెప్పేసింది: సెక్టారు 2048, నీ పార్టిషన్ మొదలయ్యే చోటు.

ఈఎక్స్‌టీ4 ప్రధాన సూపర్‌బ్లాక్ పార్టిషన్ మొదటినుంచి 1024వ బైటు దగ్గర ఉంటుంది. నీ మొదటి 4096 బైట్లూ ఒకే సెక్టారు, అది చదవడం కుదరట్లేదు, అందులో సూపర్‌బ్లాక్ ఇరుక్కుంది. ఈ ఫైల్‌సిస్టం నడుస్తున్నంతసేపూ సూపర్‌బ్లాకుని అప్పుడప్పుడూ తిరగరాస్తూ ఉంటుంది. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే సెక్టారు సగం కొత్తది సగం పాతది అయి, దాని ఈసీసీ (తప్పులు పట్టే) లెక్క కుదరక, డిస్కు ‘చదవలేను’ అంటుంది. ప్లాటర్ పాడైందని అర్థం కాకపోవచ్చు. నా అంచనా ఇదే. అయినా అంచనా మీద పని చేయొద్దు, ముందు ఇమేజ్ (డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు నకలు) తీసుకో, తర్వాత ఏం చేసినా ఇమేజ్ మీదే చెయ్.

ఓఎంఆర్_స్టోరేజ్

సార్ చెప్పినదానికి కలుపుతాను. ఇమేజ్‌కి మామూలు డీడీ వాడొద్దు, గ్నూ డీడీరెస్క్యూ వాడండి. ఉబుంటులో ప్యాకేజీ పేరు ‘జీడీడీరెస్క్యూ’. పేరులో అండర్‌స్కోర్ ఉన్న డీడీ_రెస్క్యూ వేరే ప్రోగ్రాము, దాని ఆప్షన్లు వేరు, కలగాపులగం చేయొద్దు. డీడీరెస్క్యూ ముందు చదవడానికి సులువైనదంతా లాగేసుకుని, ఇబ్బంది పెట్టే చోట్లని చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అదే కమాండు మళ్లీ ఇస్తే ఆగినచోటినుంచి మొదలవుతుంది. మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వడం మాత్రం మర్చిపోవద్దు. దాన్ని, ఇమేజ్‌నీ పాత డిస్కులో కాకుండా వేరే చోట పెట్టండి.

మొదటి విడత ‘డి’, ‘ఎన్’ ఆప్షన్లతో నడపండి, ‘ఎన్’ ఉంటే పాడైన చోట గోకకుండా ముందుకి పోతుంది. అది అయ్యాక రెండో విడత ‘ఎన్’ తీసేసి ‘ఆర్3’ పెట్టండి, మిగిలిన చోట్ల మూడుసార్లు ప్రయత్నిస్తుంది. సోర్సు ఏదో, గమ్యం ఏదో ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో (డిస్కుల జాబితా చూపే కమాండులో) సీరియల్ నంబరుతో సహా చూసుకుని మరీ ఎంటర్ నొక్కండి. ఆ రెండూ తారుమారైతే పోయింది ఇక వెనక్కి రాదు.

రిచీస్ట్రీట్_రాజు

డిస్కు కొనే ముందు ఒక్క మాట. 4 టీబీ డిస్కు ఇమేజ్ ఇంకో 4 టీబీ డిస్కులో ఫైలుగా పట్టదు, ఫైల్‌సిస్టం తన లెక్కలకి కొంత తీసేసుకుంటుంది. డిస్కు నుంచి డిస్కుకి నేరుగా క్లోన్ చేస్తే సరిపోతుంది గానీ దాని మీద ప్రయోగాలు చేసేటప్పుడు చేతిలో మరో కాపీ ఉండదు. 6 లేదా 8 టీబీ తీసుకో తమ్ముడూ, ఈ గొడవ తీరాక అదే నీ బ్యాకప్ డిస్కు అవుతుంది. రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారులో) తీసుకుంటే సీల్ చూసి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో, ఇంటికొచ్చాక కంపెనీ సైట్లో వారంటీ తేదీ చూసుకో. తగిలించిన వెంటనే స్మార్ట్‌లో 9 నంబరు పవర్ ఆన్ అవర్స్ చూడు, కొత్తదని ఇచ్చినదానిలో వందల గంటలు ఉంటే వెనక్కిచ్చెయ్.

కొత్త యూపీఎస్ బ్యాటరీ కూడా వేయించు. కాపీ నడుస్తుంటే మళ్లీ పోతుంది ఈ వానల్లో.

గిండీ_గణపతి

ఇంత సేపు ఎందుకు, ఫోటోరెక్ పెడితే ఫైళ్లన్నీ లాగేస్తుంది కదా? ఫైల్‌సిస్టం లేకపోయినా పనిచేస్తుంది అది.

ఓఎంఆర్_స్టోరేజ్

లాగుతుంది, కానీ అది ఆఖరి దారి గణపతి గారూ. ఫోటోరెక్ ఫైల్‌సిస్టం మొహం చూడకుండా ఫైలు మొదలు ఎలా ఉంటుందో గుర్తుపట్టి అక్కడినుంచి వరసగా లాగుతుంది. ఫోటోలకి బాగుంటుంది. వీడియో ఫైళ్లు పెద్దవి, డిస్కు మీద ఒకేచోట ఉండవు, ముక్కలుగా ఉంటాయి. ఈఎక్స్‌టీ4లో ఒక ఎక్స్‌టెంట్ గరిష్ఠంగా 128 ఎంబీ, 20 జీబీ క్లిప్పు ఎన్ని ముక్కలవుతుందో చూడండి. అవి పక్కపక్కనే ఉంటే అదృష్టం, లేకపోతే మధ్యలో ఇంకో ఫైలు దూరిపోతుంది. చాలా కెమెరాలు ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచికని ఫైలు చివర్లో రాస్తాయి, ఆ చివర దొరక్కపోతే ప్లేయర్ ఆ ఫైలుని తెరవదు. పైగా ఫోల్డర్లు, పేర్లు ఏవీ రావు, తాళి కట్టే క్లిప్పు ఏదో రిసెప్షన్ ఏదో వేల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. ఈయన డిస్కులో ఐనోడ్లు, డైరెక్టరీలు దాదాపు అన్నీ చెక్కుచెదరకుండా ఉండే అవకాశం ఉన్నప్పుడు ఆ దారి ఎందుకు?

అంబత్తూరు_అక్క

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ దాదాపు ఇదే బాధ. మా తెలుగు సంఘం నాటకాలు, పిల్లల పద్యాల పోటీలు రికార్డు చేసిన 3 టీబీ డిస్కు. దాని డబ్బా పాడైతే డిస్కు బయటికి తీసి డాక్‌లో (డిస్కుని యూఎస్‌బీకి కలిపే స్టాండులో) పెట్టాం. ఇప్పుడు ‘రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ వస్తోంది. స్మార్ట్‌లో 5, 197, 198 అన్నీ సున్నాలే. దుకాణంలో చూపిస్తే ఫార్మాట్ చేయాల్సిందే అన్నారు. సూపర్‌బ్లాక్‌కి డిస్కులోనే బ్యాకప్ కాపీలు ఉంటాయట, దానితో ప్రయత్నించొచ్చా?

పెరంబూరు_సిసాడ్మిన్

ఫార్మాట్ చేయకమ్మా, ఎఫ్‌ఎస్‌సీకే కూడా కొట్టకు. నువ్వు చెప్పిన తీరు చూస్తే ఫైల్‌సిస్టం బాగానే ఉండి ఉంటుంది. ఎఫ్‌డిస్క్ ‘ఎల్’ కొట్టి పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో, ఎంత సైజు చూపిస్తోందో చెప్పు.

అంబత్తూరు_అక్క

స్టార్ట్ 256 అని ఉంది సార్. సైజు చూస్తే 3 టీబీకి బదులు 375 జీబీ చిల్లర చూపిస్తోంది! ఇది నేను గమనించనే లేదు.

పెరంబూరు_సిసాడ్మిన్

అదేనమ్మా. సరిగ్గా ఎనిమిదో వంతు. కొన్ని పాత యూఎస్‌బీ డబ్బాలు డిస్కు సెక్టారు 4096 బైట్లని కంప్యూటర్‌కి చెప్పేవి, 2 టీబీ దాటిన డిస్కులు పాత పార్టిషన్ పట్టికతో పనిచేయాలని. పార్టిషన్ పట్టికలో రాసేది సెక్టార్ల నంబర్లు. 256 సెక్టార్లు అంటే డబ్బా లెక్కలో 256 ఇంటూ 4096, 1048576 బైట్లు. నీ డాక్ 512 లెక్కన చూస్తోంది కాబట్టి 131072 దగ్గరే వెతుకుతోంది. అక్కడ ఏమీ లేదు, అందుకే బ్యాడ్ సూపర్‌బ్లాక్ అంటోంది.

లాసెటప్ కమాండుకి (చెప్పిన చోటునుంచి ఉన్నదాన్ని లూప్ డివైస్ అనే వేరే డిస్కులా చూపిస్తుంది) ‘ఆర్’ ఆప్షన్ పెట్టి, ఆఫ్‌సెట్ 1048576 ఇచ్చి, మొత్తం డిస్కు పేరు ఇవ్వు, ఎస్‌డీబీ1 కాదు, ఎస్‌డీబీ. వచ్చిన లూప్ డివైస్‌ని ‘ఆర్‌ఓ, నోలోడ్’ (రాయకుండా, జర్నల్ని నడపకుండా) ఆప్షన్లతో మౌంట్ చెయ్. నువ్వు ఎఫ్‌ఎస్‌సీకే కొట్టినా, టెస్ట్‌డిస్క్‌తో పట్టిక తిరగరాసినా మంచి డిస్కు చెడిపోయేది.

అంబత్తూరు_అక్క

వచ్చేసింది సార్!! ఫోల్డర్లన్నీ పేర్లతో సహా ఉన్నాయి, 2014 ఉగాది నాటకం తెరిచి చూశాను, ఆడుతోంది. అన్నీ వేరే డిస్కులోకి కాపీ పెట్టేశాను. చాలా థాంక్స్ అండీ.

వడపళని_ఎడిటర్

అక్కా సంతోషం. నాది ఇప్పటిదాకా ఇదీ పరిస్థితి. 8 టీబీ డిస్కు తెచ్చాను, 9 నంబరు సున్నా ఉంది. డీడీరెస్క్యూ మొదటి విడత రాత్రంతా నడిచింది, పొద్దునకి అయింది. రెండో విడత కూడా అయింది. మొత్తం 4 టీబీలో చదవలేనిది 8192 బైట్లు మాత్రమే, సార్ చెప్పినట్టే రెండు చోట్ల. ఒకటి పార్టిషన్ మొదట్లో, రెండోది 322127790080 బైట్ల దగ్గర.

ఇమేజ్‌ని లాసెటప్‌తో రీడ్ఓన్లీగా పెట్టి మౌంట్ చేస్తే ఇప్పుడు ‘రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్’ అంటోంది. బ్యాకప్ సూపర్‌బ్లాక్ 32768 అని చాలాచోట్ల చూశాను, మౌంట్‌లో ‘ఎస్‌బీ=32768’ ఇచ్చాను, అయినా రావట్లేదు. అది కూడా పోయిందంటారా?

ఓఎంఆర్_స్టోరేజ్

పోలేదు, యూనిట్ తేడా. ఈ2ఎఫ్‌ఎస్‌సీకేలో ‘బి’ ఆప్షన్‌కి ఇచ్చే నంబరు ఫైల్‌సిస్టం బ్లాకుల్లో. మౌంట్‌లో ‘ఎస్‌బీ’కి ఇచ్చే నంబరు మాత్రం ఎప్పుడూ 1 కేబీ లెక్కలో. మీ బ్లాకు 4 కేబీ కాబట్టి 32768ని 4తో గుణించి 131072 ఇవ్వాలి. ఇమేజ్‌లో మొదటి బ్లాకు సున్నాలతో ఉంది కాబట్టి మౌంట్ దానంతట అది టైపు కనుక్కోలేదు, ‘ఈఎక్స్‌టీ4’ అని మీరే చెప్పండి. ఆప్షన్లు: ఆర్‌ఓ, నోలోడ్, ఎస్‌బీ=131072.

అదీ కాకపోతే మిగతా కాపీలు 98304, 163840, 229376, 294912 దగ్గర ఉంటాయి, మౌంట్‌కి ఇచ్చేటప్పుడు వాటినీ 4తో గుణించండి. ఈ జాబితా కోసం ఎంకేఈ2ఎఫ్‌ఎస్‌కి ‘ఎన్’ పెట్టి నడపమని చాలామంది చెబుతారు. ఆ ‘ఎన్’ మర్చిపోతే ఉన్నదాని మీద కొత్త ఫైల్‌సిస్టం పడుతుంది. నంబర్లు ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఆ కమాండు జోలికి పోకండి.

వడపళని_ఎడిటర్

మౌంట్ అయింది!!! అన్ని ఫోల్డర్లూ ఉన్నాయి. మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు, రెండు కుటుంబాలకి ఏం సమాధానం చెప్పాలా అని నిద్ర పట్టలేదు నాకు. ముందు ఆ రెండు పెళ్లిళ్లూ వేరే డిస్కులోకి కాపీ చేస్తున్నాను.

ఒక సందేహం. ఆ రెండో చోటు, 322 జీబీ దగ్గర చదవలేని 4096 బైట్లు ఏ ఫైలువో తెలుసుకోవడం ఎలా? అది తెలియకుండా కస్టమర్‌కి ఫుటేజ్ ఇవ్వలేను.

ఓఎంఆర్_స్టోరేజ్

ఇది అడిగినందుకు సంతోషం, చాలామంది ఫోల్డర్లు కనబడగానే వెళ్లిపోతారు. 322127790080లోంచి పార్టిషన్ మొదలు 1048576 తీసేయండి, 322126741504 వస్తుంది. దాన్ని 4096తో భాగిస్తే 78644224. అది మీ ఫైల్‌సిస్టంలో బ్లాకు నంబరు. ఇప్పుడు డీబగ్‌ఎఫ్‌ఎస్‌ని (ఫైల్‌సిస్టం లోపలికి చూసే ప్రోగ్రాముని) ఆ లూప్ డివైస్ మీద తెరవండి, సూపర్‌బ్లాక్ కోసం ‘ఎస్ 32768’, సైజు కోసం ‘బి 4096’ ఇవ్వండి, ఇక్కడ లెక్క మళ్లీ బ్లాకుల్లోనే. లోపల ‘ఐచెక్ 78644224’ అంటే ఐనోడ్ నంబరు చెబుతుంది. ఆ నంబరుతో ‘ఎన్‌చెక్’ అంటే ఫైలు పేరు, దారి చెబుతుంది.

వడపళని_ఎడిటర్

దొరికింది. ఆ రోజు కరెంటు పోయినప్పుడు కాపీ అవుతున్న క్లిప్పే, పెండింగ్ రెండూ అదే క్షణంలో పడ్డట్టున్నాయి. దాని కార్డు నా దగ్గరే ఉంది, మళ్లీ కాపీ చేసుకుంటాను. పాత పెళ్లిళ్ల క్లిప్పులన్నీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో మొదటినుంచి చివరిదాకా డీకోడ్ చేసి చూస్తున్నాను, ఇప్పటిదాకా ఒక్క ఎర్రరూ లేదు.

పెరంబూరు_సిసాడ్మిన్

మంచిది. కాపీలు సరిచూసుకున్నాకే ఇమేజ్ మీద ఈ2ఎఫ్‌ఎస్‌సీకే నడుపు, అప్పటిదాకా వద్దు. లూప్‌ని ఈసారి రాసేలా పెట్టి, ‘బి 32768’తో పాటు ‘జెడ్’ ఆప్షన్ ఇచ్చి అన్‌డూ ఫైల్ పెట్టుకో, తేడా వస్తే ఈ2అన్‌డూతో వెనక్కి తిప్పుకోవచ్చు. బ్యాకప్ సూపర్‌బ్లాకులో రికవరీ ఫ్లాగు లేదు కాబట్టి జర్నల్‌ని ఎలాగైనా నడుపుతున్నానని ఒక లైను వస్తుంది, కంగారుపడకు, అది కావాల్సిందే. పని ముగిశాక మొదటి సూపర్‌బ్లాకుని అదే తిరిగి రాస్తుంది. లాస్ట్‌ప్లస్‌ఫౌండ్ ఫోల్డర్లో హ్యాష్ గుర్తూ నంబరూ పేరుగా ఉన్న ఫైళ్లేమైనా ఉంటే ఫైల్ కమాండుతో అవి ఏమిటో చూసుకో.

తాంబరం_తేజ

సార్, ఆ పాత డిస్కు ఇక పారేయాల్సిందేనా?

పెరంబూరు_సిసాడ్మిన్

పారేయనక్కర్లేదు తేజా. కాపీలన్నీ పక్కాగా ఉన్నాయనుకున్నాక మొత్తం డిస్కుని సున్నాలతో నింపి స్మార్ట్ లాంగ్ టెస్టు పెట్టాలి. 197 సున్నాకి దిగి 5 కూడా సున్నాగానే ఉంటే కరెంటు పోవడం వల్ల వచ్చిన చదవలేనితనమే, డిస్కు బాగున్నట్టే. 5 పెరిగితే, లేదా నెలలోపు 197 మళ్లీ కనిపిస్తే వారంటీలో మార్చుకోవాలి. బాగున్నా సరే, కస్టమర్ ఫుటేజ్‌కి అది రెండో కాపీగానే ఉండాలి, ఒక్కటే కాపీగా వద్దు.